పడవకి రిమోట్ కొనాలి: పిస్టలా, స్టిక్కులా? 27 మెగాహెర్ట్జా, 2.4 గిగానా?

కోటిపల్లి_రేవు
మూడడుగుల లాంచీ కడుతున్నానండి. పాపికొండల దారిలో తిరిగే రెండంతస్తుల లాంచీ మోడలు. ప్లైవుడ్, పైన రెజిన్ పూత. రెండు బ్రష్డ్ మోటార్లు, రెండు ప్రొపెల్లర్లు, రెండు చుక్కానులు ఒకే సర్వోకి (చుక్కాని తిప్పే చిన్న మోటారు) కలిపాను. లైట్లు, హారను కూడా ఉండాలని మావాడి పట్టు. చెక్కపనంతా అయింది, రిమోట్ దగ్గర బండి ఆగింది. షాపులో అడిగితే డ్రోన్లకి వాడే పది ఛానళ్లది (ఒక్కో ఛానల్ ఒక్కో పని నడుపుతుంది) చూపించి, ఇది కొంటే దేనికైనా పనికొస్తుందన్నాడు. మా బావమరిదేమో నీళ్ల మీద 2.4 గిగాహెర్ట్జ్ పనిచెయ్యదు, పాత 27 మెగాహెర్ట్జ్ సెట్టు వెతుక్కోమంటాడు. ఇంకొకాయన కార్ల రిమోట్‌కి ఉన్నట్టు ట్రిగ్గరుండే పిస్టలే కొనమంటాడు. నడిపేది మా ఊరి చెరువులో, ఒడ్డు నుంచి వంద మీటర్లు దాటదు. ఆరేడు వేలు పెట్టగలను. ఒక్క ముక్కలో చెప్పండి బాబూ, ఏది కొనాలి?

కోఠి_సోల్డర్
ఒక్క ముక్కల చెప్పాల్నంటే ఫ్లైస్కై ఐ6, దాంతోటి వచ్చే ఐఏ6బి రిసీవర్ (పడవల ఉండి సిగ్నల్ అందుకునేది). ఖతం.

కోటిపల్లి_రేవు
ఎందుకో కూడా చెప్తే మా బావమరిది నోరు మూయిస్తాను అన్నా

కోఠి_సోల్డర్
సెట్టు మొత్తం ఐదు వేల చుట్టుపక్కల వస్తది. ఆరు ఛానళ్లు. ఇరవై మోడళ్ల సెట్టింగులు గుర్తుపెట్టుకుంటది, రేపు ఇంకో పడవ కట్టినా రిసీవర్ ఒక్కటి కొంటే చాలు. రిసీవర్ కరాబైతే గుజరాతీ గల్లీల ఏ షాపుకు పోయినా దొరుకుతది. రిసీవర్ కాడ వోల్టేజి ఎంతున్నదో చేతిలున్న స్క్రీన్ మీద కనిపిస్తది. నీకింకేం కావాలె? పెద్ద బ్రాండ్లు మంచియే, కాదంటలేను. కాని ఆ రిసీవర్ ఒక్కదానికి పెట్టే పైసలతోటి ఈ సెట్టే వస్తది.

బీచ్‌రోడ్_పెరిస్కోప్
మీ బావమరిది మాటలో సగం నిజం ఉంది. ఆయన నీళ్ల "కింద" సంగతి విని, నీళ్ల "మీద"కి అంటిస్తున్నాడు. 2.4 గిగా నీళ్లలోకి దిగితే బెత్తెడు లోతు దాటేలోపే చచ్చిపోతుంది. అందుకే సబ్‌మెరీన్ మోడళ్లు కట్టేవాళ్లు ఇప్పటికీ 27, 40, 75 మెగాహెర్ట్జ్ సెట్లు వెతుక్కుంటారు. అవి మంచినీళ్లలో కొంత లోతు దాకా వెళ్తాయి. ఉప్పునీళ్లలో వాటికీ కష్టమే. మీది మునిగే పడవ కాదు కదా!

కోఠి_సోల్డర్
రెజిన్ సక్కగ పట్టియ్యకపోతే అది గూడ సబ్‌మెరీనే అయితది 😄

కోటిపల్లి_రేవు
నోట్లో చక్కెర వెయ్య, శుభం పలకన్నా

యార్క్‌షైర్_గోంగూర
27 మెగాహెర్ట్జ్ కావాలనేవాళ్లు ఆ రోజుల గొడవ చూసి ఉండరు. ఇక్కడ ఇంగ్లండులో 27లో ఒక్కో క్రిస్టల్‌కి (ఫ్రీక్వెన్సీ నిర్ణయించే ముక్క) ఒక్కో రంగు: బ్రౌన్, రెడ్, ఆరెంజ్, ఎల్లో, గ్రీన్, బ్లూ. క్లబ్బులో చెరువు పక్కన పెగ్ బోర్డు ఉంటుంది. నీ రంగు పెగ్గు నీ చేతిలో ఉంటేనే ట్రాన్స్‌మిటర్ (చేతిలో రిమోట్) ఆన్ చెయ్యాలి. ఎవరైనా చూసుకోకుండా అదే రంగు మీద ఆన్ చేశారో, రెండు పడవలూ పిచ్చెక్కినట్టు తిరుగుతాయి. 35 మెగాహెర్ట్జ్ విమానాలకి మాత్రమే, 40 పడవలకీ కార్లకీ. మా క్లబ్బు పెద్దాయనలు కొందరు ఇప్పటికీ 40 వాడతారు, యాంటెన్నా మీటరు పొడుగు లాగుతారు. 2.4లో ఈ బాధ లేదు. బైండ్ చేసిన (జత కట్టిన) రిసీవర్ దాని ట్రాన్స్‌మిటర్ మాట తప్ప ఇంకొకరి మాట వినదు. పది పడవలు ఒకేసారి దింపినా ఎవరిది వారిదే.

అమీర్‌పేట్_బ్యాక్‌లాగ్
మా మామయ్య అమెరికా నుంచి పాత 72 మెగాహెర్ట్జ్ సెట్ ఫ్రీగా ఇస్తా అంటున్నాడు, తెచ్చుకోవచ్చా బ్రో

యార్క్‌షైర్_గోంగూర
అక్కడే అది విమానాలకి కేటాయించింది, పడవలకి 75. ఇక ఇండియాలో వాడటమంటే మొదటికే మోసం. వద్దు.

పాలిటెక్నిక్_మాస్టారు
మన దేశంలో 2.4 నుంచి 2.4835 గిగాహెర్ట్జ్ బ్యాండుకి 2005 నుంచి లైసెన్సు అక్కర్లేదు. 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్ కూడా ఆ జాబితాలోనిదే, అందుకే బొమ్మ కార్లన్నీ 27 మీద వచ్చేవి. 72 లేదు. ఇంకో సంగతి, విదేశం నుంచి ట్రాన్స్‌మిటర్ తెప్పించుకుంటే కస్టమ్స్‌లో డబ్ల్యూపీసీ (వైర్‌లెస్ అనుమతులు చూసే కేంద్ర విభాగం) వారి ఈటీఏ (పరికరానికి ఆమోదపత్రం) అడుగుతారు. అది లేక ఆగిపోయిన పార్సెళ్లు నాకు తెలుసు. ఇక్కడ అమ్మేదే కొనుక్కోండి.

స్పీడుబోటు_చక్రి
అందరూ ఐ6 ఐ6 అంటున్నారు గానీ పడవకి పిస్టలే సుఖం. చక్రం తిప్పితే తిరుగుతుంది, ట్రిగ్గర్ నొక్కితే పోతుంది, వదిలితే ఆగుతుంది. నా బ్రష్‌లెస్ మోటారు స్పీడుబోటు మలుపులో ఉన్నప్పుడు బొటనవేలితో స్టిక్కు పట్టుకుని నడపమనండి చూద్దాం. ఫ్లైస్కైలోనే జీటీ5 ఉంది, ఆరు ఛానళ్లు. పిల్లలకిచ్చినా ఏమీ చెప్పకుండానే నడిపేస్తారు.

గుర్రపుడెక్క_బాధితుడు
చక్రి చెప్పింది వేగం పడవకి కరెక్టు. లాంచీకి కాదు. లాంచీని సగం స్పీడులో పెట్టి పది నిమిషాలు అలా తిప్పుతూ ఉండాలి. ట్రిగ్గర్‌ని అంతసేపు సగంలో పట్టుకుంటే వేలు లాగేస్తుంది. పైగా రెండు మోటార్లూ విడివిడిగా ఆడించి రేవులో ఉన్నచోటే తిప్పాలంటే పిస్టల్‌తో కుదరదు.

స్పీడుబోటు_చక్రి
కుదరదని ఎవరన్నారు? మిక్సింగ్ (ఒక కదలికతో ఇంకో ఛానల్‌ని కూడా ఆడించే సెట్టింగు) ఉన్న పిస్టల్స్ ఉన్నాయి. రేడియోమాస్టర్ ఎంటీ12 చూడండి, ఎడ్జ్‌టీఎక్స్ సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది, ఎన్ని మిక్సులైనా రాసుకోవచ్చు.

గుర్రపుడెక్క_బాధితుడు
ఆయన బడ్జెట్ ఆరేడు వేలు సామీ

స్పీడుబోటు_చక్రి
అది చదవలా 🙏

హుస్సేన్‌సాగర్_తెరచాప
తెరచాప పడవల వాళ్ల తరఫున ఒక మాట. మాకు రెండే పనులు, చుక్కాని, తెరచాప తాడు. ఇంటర్నేషనల్ వన్ మీటర్ రేసు పడవలన్నీ ఆ రెండు ఛానళ్ల మీదే నడుస్తాయి. తాడు లాగే వించికి మాత్రం వదిలినచోటే నిలిచే స్టిక్కు కావాలి, స్ప్రింగుతో మధ్యకి వచ్చేస్తే తెరచాప కూడా వచ్చేస్తుంది. కాబట్టి మాకు ఐ6 ఎడమ స్టిక్కు ఉన్నదున్నట్టు సరిపోతుంది. మీ మోటారు పడవలకే ఆ స్టిక్కుతో పేచీ. దాని సంగతి ఇంకా ఎవరూ ఎత్తలేదేం?

కోటిపల్లి_రేవు
ఏం పేచీ అండి? భయపెట్టకండి

హుస్సేన్‌సాగర్_తెరచాప
ఐ6 విమానాల రిమోట్. థ్రాటిల్ (వేగం) స్టిక్కుకి స్ప్రింగు లేదు, కింద సున్నా, పైన ఫుల్లు. మీ ఈఎస్‌సీకి (మోటారు వేగం అదుపు చేసే బోర్డు) మధ్యలో ఆగడం, పైకి ముందుకి, కిందకి వెనక్కి. స్టిక్కు కిందకి ఉండగా ఆన్ చేస్తే మీ లాంచీ ఫుల్ రివర్సు అడుగుతుంది. బుద్ధున్న ఈఎస్‌సీ అయితే మధ్యకి వచ్చేదాకా కదలదు, లేనిదైతే కదులుతుంది. పోనీ స్టిక్కు మధ్యలో పెట్టి ఆన్ చేద్దామంటే ఐ6 ఒప్పుకోదు, థ్రాటిల్ దించమని కీచుమంటుంది.

అమీర్‌పేట్_బ్యాక్‌లాగ్
యూట్యూబ్‌లో చూశా, వెనక మూత విప్పి స్ప్రింగ్, చిన్న ప్లాస్టిక్ ముక్క వేస్తే మధ్యకి వస్తుంది. ఆ ముక్క త్రీడీ ప్రింట్ చేయించుకోవచ్చు

పాలిటెక్నిక్_మాస్టారు
మూత విప్పనక్కర్లేదు. మోడ్ 2లో (థ్రాటిల్ ఎడమ స్టిక్కు మీదుండే అమరిక) కుడి స్టిక్కు నిలువు కదలికకి స్ప్రింగు ముందే ఉంది, అది ఛానల్ 2. ఈఎస్‌సీ వైరు రిసీవర్‌లో 3 నుంచి తీసి 2లో గుచ్చండి. చుక్కాని సర్వో 4లో, అంటే ఎడమ స్టిక్కు అడ్డ కదలిక. ఎడమ చేత్తో చుక్కాని, కుడి చేత్తో వేగం. ఛానల్ 3లో ఏమీ గుచ్చకండి. ఆన్ చేసేటప్పుడు ఎడమ స్టిక్కు దించి ఉంటే ఐ6కి తృప్తి, కుడి స్టిక్కు మధ్యలో ఉంటుంది కాబట్టి లాంచీకీ తృప్తి. విమానాల భాషలో ఎలివేటర్ అని రాసుంటే మనకేం, వచ్చేది అదే సర్వో సిగ్నలు.

కోఠి_సోల్డర్
మాస్టారూ దండం. నేను ఇన్నొద్దులు స్ప్రింగుల ముచ్చటనే చెప్పుకుంట తిరుగుతున్న.

హుస్సేన్‌సాగర్_తెరచాప
సగం స్పీడులో పది నిమిషాలు పట్టుకోవాలంటే మళ్లీ వేలు నొప్పే కదా మాస్టారూ? 😉 చక్రి గారు నవ్వుకుంటున్నారు

స్పీడుబోటు_చక్రి
నవ్వట్లేదు, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా

పాలిటెక్నిక్_మాస్టారు
స్ప్రింగు మెత్తనిదే, ట్రిగ్గరంత గట్టిగా ఉండదు. మరీ ఇబ్బందైతే ఎండ్‌పాయింట్ (ఛానల్ గరిష్ఠ హద్దు) తగ్గించుకుంటే స్టిక్కు పైదాకా తోసినా సగం వేగమే వస్తుంది. లాంచీ ఫుల్ స్పీడులో చూడ్డానికి బాగోదు కూడానూ, ముక్కు పైకి లేపి పరిగెడితే లాంచీ ఎక్కడైంది?

కోటిపల్లి_రేవు
ఉన్నచోటే తిప్పడం అన్నారే, అది కావాలండి నాకు. రేవులో మావాడి ముందు ఓ చక్కర్ కొట్టించాలి.

గుర్రపుడెక్క_బాధితుడు
ఐ6లో మూడు మిక్సులున్నాయి, మూడూ వాడేస్తే సరిపోతుంది. మాస్టారు చెప్పినట్టు ఒక ఈఎస్‌సీ 2లో, రెండోది 6లో. ఆక్స్ ఛానల్స్ మెనూలో 6కి ఏ నాబూ (తిప్పే గుండీ) లేకుండా "నన్" పెట్టు. మొదటి మిక్సు: 2 మాస్టర్ (ఆడించేది), 6 స్లేవ్ (దాన్ని బట్టి ఆడేది), రెండు వైపులా 100. ఇప్పుడు ఒక స్టిక్కుకి రెండు మోటార్లూ ఆడతాయి. రెండోది: 4 మాస్టర్, 2 స్లేవ్, 50. మూడోది: 4 మాస్టర్, 6 స్లేవ్, మైనస్ 50. ఇక చుక్కాని తిప్పితే లోపలి మోటారు తగ్గుతుంది, బయటిది పెరుగుతుంది. ఆగి ఉన్నప్పుడు తిప్పావంటే ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి. తిరగాల్సిన వైపు కాకుండా ఎదురు తిరిగితే ఆ 50ల గుర్తులు మార్చుకో. మొదట్లో 30తో మొదలుపెట్టు, 50 అంటే బొంగరమే.

కోఠి_సోల్డర్
రెండు ఈఎస్‌సీలు అంటే ఇంకొకటి మర్శిపోవద్దు. రెండిట్ల బీఈసీ ఉంటది, రెండూ రిసీవర్‌కు 5 వోల్టులు పంపుతయి. ఒకదాని ప్లగ్గుల ఎర్ర వైరు గుంజి టేపు చుట్టు. నల్లది, సిగ్నల్ వైరు ముట్టుకోకు. అట్లనే డబ్బా మీద 320 యాంపియర్లు అని రాసి అమ్మే ఆ సన్న ఈఎస్‌సీ ఉంటది సూడు, దాని మాట నమ్మకు. మోటారు షాఫ్ట్ గట్టిగ పట్టుకుంటె ఎంత కరెంటు గుంజుతదో సూస్కొని దానికంటె పెద్దది తీస్కో. నాచు సుట్టుకున్ననాడు అంతే కరెంటు గుంజుతది.

గుర్రపుడెక్క_బాధితుడు
నాచు సంగతి నా పేరే చెప్తుంది. మా చెరువులో నా టగ్గుబోటు అవతలి గట్టు దగ్గర గుర్రపుడెక్కలోకి దూరింది. సిగ్నల్ పోయిన క్షణంలో థ్రాటిల్ ముందుకే ఉంది, ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ పోతే ఏం చెయ్యాలో ముందే చెప్పిపెట్టే సెట్టింగు) పెట్టి లేదు. అది అలా దూసుకుపోయి వేళ్లలో ఇరుక్కుని, మోటారు తిప్పుకుంటూనే ఉండి ఈఎస్‌సీ మాడింది. కాబట్టి రేవు గారూ, ఏ సెట్టు కొన్నా మొదట ఫెయిల్‌సేఫ్. ఐ6లో ఆర్ఎక్స్ సెటప్‌లోకి వెళ్లి ఫెయిల్‌సేఫ్, అందులో ఛానల్ 2 ఆన్ చేసి స్టిక్కు మధ్యలో ఉంచి సేవ్ చెయ్యండి. 6కి కూడా. సేవ్ అంటే ఓకే నొక్కడం కాదు, క్యాన్సిల్ బటన్ నొక్కి పట్టుకోవాలి. ఎవడు పెట్టాడో ఆ డిజైను, వాడికి పడవ ఉండి ఉండదు.

అమీర్‌పేట్_బ్యాక్‌లాగ్
క్యాన్సిల్ నొక్కితే సేవ్ 😂😂 మా కాలేజీ ఫీజు పోర్టల్ కూడా ఇంతే

హుస్సేన్‌సాగర్_తెరచాప
పరీక్షించకుండా నమ్మొద్దు. పడవని స్టాండు మీద పెట్టి, మోటార్లు తిప్పుతూ ట్రాన్స్‌మిటర్ ఆపి చూడాలి. అయితే ఐ6 మామూలుగా ఆగదు, రిసీవర్ ఇంకా ఆన్‌లో ఉందని హెచ్చరిస్తూ కూర్చుంటుంది. వెనక నాలుగు పెన్సిల్ సెల్స్‌లో ఒకటి లాగెయ్యండి. మోటార్లు వెంటనే ఆగాలి.

స్పీడుబోటు_చక్రి
నేను ఫెయిల్‌సేఫ్‌లో చుక్కాని కొంచెం పక్కకి పెడతా. వేగం పడవ మోటారు ఆగినా చాలా దూరం జారుతుంది, నిటారుగా జారి గట్టుకి కొట్టుకునే కన్నా గుండ్రంగా తిరిగి ఆగడం నయం.

భీమవరం_ఏరియేటర్
నాది వేరే కథండి, ఆటకి కాదు. రొయ్యల చెరువు మధ్యలో ఆక్సిజన్ చూడాలంటే తెల్లారగట్ల మనిషి తెప్ప వేసుకుని వెళ్లాలి. చిన్న పడవకి డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) మీటరు కట్టి పంపుదామని ఆలోచన. ఒక బొమ్మ పడవ కొని చూశాను, ఏరియేటర్ల దాకా వెళ్లేసరికి మాట వినట్లేదు. మీరు చెప్పే ఐ6 అక్కడ పనిచేస్తుందా?

పాలిటెక్నిక్_మాస్టారు
బొమ్మ పడవల్లో రిసీవర్, మోటారు డ్రైవర్ ఒకే బోర్డు మీద ఉంటాయి, దాంట్లో యాంటెన్నా మనం కదిపేది కాదు. మీ సమస్య యాంటెన్నా ఎత్తు. నీటికి నాలుగు వేళ్ల ఎత్తులో యాంటెన్నా ఉంటే, నేరుగా వచ్చే తరంగాన్ని నీటి మీద తగిలి వచ్చేది కొట్టేస్తుంది. గాల్లో అర కిలోమీటరు వచ్చేది నీటి మీద అంతలో ఎంతకో పడిపోతుంది. పడవ మీద అడుగున్నర పీవీసీ గొట్టం నిలబెట్టి రిసీవర్ యాంటెన్నాలు దాని కొసకి చేర్చండి. మీరు గట్టు ఎక్కి నిలబడండి. ఏరియేటర్ చక్రాలు లేపే తుంపర మధ్య నుంచి కాకుండా పక్క నుంచి గురి ఉండేలా చూసుకోండి.

భీమవరం_ఏరియేటర్
గొట్టం ఐడియా బాగుంది మాస్టారూ. ఐఏ6బికి రెండు తీగలున్నాయి కదా, రెండూ పైకేనా?

పాలిటెక్నిక్_మాస్టారు
రెండూ పైకే చేర్చి, ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా, మధ్యలో 90 డిగ్రీలు. చివర తొడుగు లేని చిన్న ముక్కే అసలు యాంటెన్నా, అది 2.4 గిగా తరంగంలో దాదాపు పావు వంతు. మడవకండి, కత్తిరించకండి, బ్యాటరీ వైర్లకి ఆనించకండి. కార్బన్ ఫైబర్ పడవైతే లోపల పెట్టనే వద్దు. రేవు గారికి ఈ బాధ లేదు, రెండంతస్తుల లాంచీ కాబట్టి పై అంతస్తు కప్పు కింద దాచేసుకోవచ్చు.

కోఠి_సోల్డర్
భీమవరం అన్నా, మీది ఉప్పుగాలి. రిసీవర్ బోర్డుకు కన్‌ఫార్మల్ కోటింగ్ (తడి తగలనియ్యని పల్చటి పూత) కొట్టు, పిన్నులకు తాకకుండ. కొందరు సిలికాన్ పూస్తరు, పుల్లగ వెనిగర్ వాసనొచ్చే సిలికాన్ అస్సలు పూయకు, రాగిని తినేస్తది. న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్నదే తీస్కో.

అమీర్‌పేట్_బ్యాక్‌లాగ్
ఇదంతా ఎందుకు, ఆర్డ్యునో బోర్డులు రెండు, ఎన్‌ఆర్‌ఎఫ్24 రేడియో మాడ్యూల్స్ రెండు, వెయ్యిలో రిమోట్ రెడీ. నేనే చేశా మినీ ప్రాజెక్ట్‌కి

గుర్రపుడెక్క_బాధితుడు
సిగ్నల్ పోతే నీ కోడ్ ఏం చేస్తుంది?

అమీర్‌పేట్_బ్యాక్‌లాగ్
…చివరి వాల్యూ అలాగే ఉంటుంది అనుకుంటా

గుర్రపుడెక్క_బాధితుడు
రా తమ్ముడూ, మా చెరువుకి రా

పాలిటెక్నిక్_మాస్టారు
అర సెకను పాటు ప్యాకెట్ రాకపోతే సర్వోకి 1500 మైక్రోసెకన్లు (మధ్య స్థానం) పంపేలా ఒక టైమరు రాస్తే చాలు, అదే ఫెయిల్‌సేఫ్. మాడ్యూల్ 3.3 వోల్ట్, గ్రౌండ్ కాళ్ల మధ్య ఓ కెపాసిటర్ కూడా వెయ్యి, లేకపోతే మధ్యలో మధ్యలో పోతుంది. నేర్చుకోవడానికి మంచి పని. కానీ అయిదారు వేల పడవని దాని మీద మొదటిసారే వదలకు.

బీచ్‌రోడ్_పెరిస్కోప్
నా ప్రశ్న కూడా ఇక్కడే అడిగేస్తా. వైజాగ్ ఆర్కే బీచ్‌లో ఉన్న కురుసుర సబ్‌మెరీన్, 1:100లో కడుతున్నా, తొంభై ఒక్క సెంటీమీటర్లు వస్తుంది. మొత్తం మునగాలంటే 40 మెగాహెర్ట్జ్ సెట్టు కావాలి, అది ఇక్కడ దొరకదు, లైసెన్సు గోల వేరు. 2.4తోనే గట్టెక్కే దారుందా?

పాలిటెక్నిక్_మాస్టారు
మొత్తం ముంచకండి. పైన గోపురం అంచు, పెరిస్కోప్ బయట ఉండేంత లోతులో ఆపండి. యాంటెన్నా కొస పెరిస్కోప్ గొట్టంలోకి ఎక్కించండి. ఫెయిల్‌సేఫ్‌లో మోటారు ఆపి, మునిగే రెక్కలు పైకి పెట్టండి. పొరపాటున పూర్తిగా మునిగి సిగ్నల్ పోతే తేలేలా, పడవ బరువు నీటి కన్నా ఓ పిసరు తక్కువ ఉంచండి. కదులుతుంటే రెక్కల వల్ల మునగాలి, ఆగితే తనే తేలాలి.

బీచ్‌రోడ్_పెరిస్కోప్
ఇది చాలు మాస్టారూ. అసలుది 1969లో నేవీలో చేరి 2001లో రిటైరైంది, 2002 నుంచి ఇసుక మీదే ఉంది. నాదైనా స్విమ్మింగ్ పూల్ చూస్తుంది.

కోటిపల్లి_రేవు
ఐ6 ఆర్డర్ పెట్టేశానండి. బావమరిదికి ఈ చర్చంతా పంపాను, "నేనన్నది నీళ్ల కింద గురించే" అంటున్నాడు 😀 ఒక్కటి మిగిలింది. లైట్లు ఛానల్ 5కి ఒక స్విచ్ మీద పెడతాను. హారను ఎక్కడ?

హుస్సేన్‌సాగర్_తెరచాప
ఛానల్ 1 ఖాళీయే కదా, కుడి స్టిక్కు అడ్డ కదలిక. దానికీ స్ప్రింగుంది. కుడికి తోస్తే మోగుతుంది, వదిలితే ఆగుతుంది.

స్పీడుబోటు_చక్రి
మలుపులో వేలు జారితే హారన్. నిజం లాంచీలో కూడా అంతేగా, బాగుంది

కోఠి_సోల్డర్
రిసీవర్ పిన్నులకు నేరుగ ఎల్ఈడీలు, హారను పెట్టేవు, అండ్ల వచ్చేది పల్సు, కరెంటు కాదు. ఆర్‌సీ స్విచ్ అని రిలే ఉన్న సన్న బోర్డు దొరుకుతది, రెండు తెప్పించు. హారనుకు పవర్ మెయిన్ బ్యాటరీ నుంచే గుంజు, బీఈసీ నుంచి వద్దు. మోగినప్పుడల్ల రిసీవర్ వోల్టేజి పడితే లాంచీ అక్కడ్నే ఆగుతది. బైండ్ చేసినంక స్క్రీన్ మీద వోల్టేజి ఎంత సూపిస్తున్నదో ఇక్కడ పెట్టు, 5 కన్నా తక్కువ ఉంటె సూద్దాం.